ఒక కంటి ఏడుపు

మా అన్న పోయిన నాలుగో రోజున ఆయన ఆవు ఏడవడం మొదలుపెట్టింది. అందరం అలాగే అనుకున్నాం. ఎడమ కంటి నుంచి నీళ్లు కారి, చెంప మీది వెంట్రుకలు అతుక్కుపోయి నల్లటి చార కట్టింది. పలకరించడానికి వచ్చినవాళ్లు దొడ్డిదాకా వెళ్లి చూసి వచ్చేవారు.

ఉయ్యాలవాడ నుంచి వచ్చిన మా మేనమామ చూసి, అందరి ముందూ నన్ను అన్నాడు. "తోడబుట్టినోడివి, నీ కంట్లో చుక్క ల్యాకపాయె. గొడ్డును చూడప్పా, ఎట్ల ఏడుస్తాండాదో!"

నిజమే, నాకు ఏడుపు రాలేదు. నంద్యాలలో ముప్పై ఏళ్లు లైబ్రరీలో పనిచేశాను. చావు గురించి మనుషులు అల్లే అందమైన మాటలు నాకు గిట్టవు. అలాంటివాణ్ణి ఈ ఒక్క మాటను మాత్రం ప్రశ్నించకుండా నమ్మాను. నా బదులు అదైనా ఏడుస్తోందనిపించింది.

అన్నకు భార్యాపిల్లలు లేరు. ఆళ్లగడ్డ దగ్గరి ఆ ఊళ్లో ఉండి, దినాలయ్యేదాకా ఆవును చూసే పని నాదయింది. ఎండ పడితే అది కన్ను మూసుకునేది. కొట్టంలో చీకటి మూలకు మొహం పెట్టి నిలబడేది. దాన్నీ దుఃఖమనే అనుకున్నాను. కొయ్యకు వేలాడుతున్న అన్న టవల్ తీసుకుని పొద్దునా సాయంత్రం దాని కన్ను తుడిచేవాణ్ణి.

ఆ పక్కనే ఇంకో ఆవు ఉండేది. అది మా పక్కింటి ఆమెది. భర్త పోయాక ఆమె ఆ ఒక్క ఆవు పాలు టీకొట్టుకు పోసి బతుకుతోంది. ఇంటి దగ్గర కట్టేసే చోటు లేకపోతే అన్నే మా కొట్టంలో కట్టుకోమన్నాడు. పశువులు రెండింటి మొహాలూ తుడవడం అన్నకు అలవాటు. అందుకని నేనూ దాని కళ్లు తుడిచేవాణ్ణి, అదే టవల్‌తో.

వారం తిరక్కముందే ఆమె వచ్చింది. "అన్నా, నా ఆవుకూ రెండు కండ్లల్లో నీళ్లు కారుతాండాయి. ఆస్పత్రికి తోలకపోదునా?"

"దానికీ దిగులేనమ్మా. పక్కనే ఉండాది గదా. దినాలు కానీ, అదే తగ్గుతాది" అన్నాను.

"దిగులా? మీ అన్న దానికి ఒకనాడన్నా గడ్డి ఏసిందే లేదు గదన్నా!" అని నవ్వింది. నవ్వింది కానీ, ఆస్పత్రికి పోలేదు.

దినాలు ముగిసిన మర్నాడు చూస్తే ఆమె ఆవు కుడి కంటిలో జొన్నగింజంత తెల్లటి మచ్చ ఉంది. చుట్టూ ఎర్రబారి ఉంది. అప్పుడు ఆవులు రెండింటినీ ట్రాలీ ఆటోలో ఎక్కించుకుని ఆళ్లగడ్డ పశువుల ఆస్పత్రికి వెళ్లాం.

ఆవు ఏడుస్తోందని నేను చెప్పింది విని డాక్టరు తలెత్తి చూశాడు. "ఏడుపయితే రెండు కండ్లూ ఏడ్వాల గదప్పా. ఒక కన్ను ఏడుస్తాదా యాడన్నా?"

బయట కూర్చున్నవాళ్లు నవ్వారు. ఆయన పని చేస్తూనే చెప్పాడు. ఇది అంటురోగం. చొప్ప మొన గీరుకున్నా, దుమ్ము పడినా, ఎండ ఎక్కువైనా కంటికి సూక్ష్మజీవి పట్టుకోవడం సులువవుతుంది. కారే నీళ్ల మీద ఈగలు వాలి, దాన్ని పక్క పశువుకు మోస్తాయి. జబ్బు పడినదాన్ని మొదటిరోజే వేరుగా, నీడలో కట్టేయాలి.

"కండ్లు దేంతో తుడిచినారు?"

"నేను తుడవలేదు సార్" అంది ఆమె.

టవల్ నా భుజం మీదే ఉంది.

సూదులతో, మందుతో అన్న ఆవు కోలుకుంది. ఆమె ఆవుకు ఎడమ కన్ను బాగయింది. కుడి కంటిలో మచ్చ పెరిగి నిలిచిపోయింది. దాన్ని మా వైపు పువ్వు అంటారు. కంట్లో పువ్వేసిందని ఊళ్లో ఎవరో అంటుంటే, అక్కడ నిలబడి ఆ మాట వినలేకపోయాను.

ఆమె ఎప్పుడూ కుడివైపు కూర్చుని పాలు పితికేది. ఆ కన్ను పోయాక ఆవు ఆమె అలికిడికే బెదిరి తన్నడం మొదలుపెట్టింది. రెండు పూటలు చెంబు దొర్లిపోయింది. మూడో పూట నుంచి ఆమె ఎడమవైపుకు మారింది. చేయి తిరగక, పితకడానికి చాలాసేపు పట్టేది. టీకొట్టు అతను ఆలస్యమని గొణిగేవాడు.

నంద్యాలకు తిరిగి వెళ్లే రోజు పొద్దున, ఆమె పాలు పితుకుతుంటే వెళ్లి చెప్పాను. "అమ్మా, దాని కండ్లు తుడిచింది నేనే. ఈ టవల్‌తోనే."

ఆమె చేయి ఆపలేదు. "తెల్సులేన్నా. ఆస్పత్రిలో నీ బుజం మీదే ఉండె గదా."

"మరి ఆడ చెప్పలేదే?"

"చావింటి మనిషిని నలుగుర్లో ఏమని అందును?" ఆమె చేయి మార్చుకుంది. "తుడిస్తివి, పోనీ. దిగులని ఎందుకు చెప్తివి? సదువుకున్నోడు చెప్తాండాడని నేను ఇంటి."

ఏదో అనబోయి ఒక అడుగు ముందుకు వేశాను. ఆవు ఉలిక్కిపడి కాలెత్తింది. ఆమె చెంబు పక్కకు లాక్కుంది.

"ఆ పక్కన నిలబడొద్దన్నా. ఇట్ల రా. నువ్వు దానికి కనపడాల."

చుట్టూ తిరిగి ఆమె వెనక్కు వచ్చి నిలబడ్డాను. ఆవు మిగిలిన కంటితో నన్ను చూసి, మళ్లీ నెమరు వేసుకోసాగింది. ఆమె పితకడం అయ్యేదాకా నేను కదల్లేదు.