పంకా కింది గద్దె

సిద్దిపేట బట్టల బజారులో దుకాణం పేరు నాగేశందే, నడిపేది మాత్రం ఆయన భార్య విమలమ్మ. ఏ ఊరి ఆడవాళ్లకు ఏ రంగు నచ్చుతుందో, బేరం ఎక్కడ ఆపాలో ఇరవై ఆరేళ్లుగా ఆమెకే తెలుసు. నాగేశం పనల్లా దుకాణంలోని ఒకే ఒక్క పంకా కింద గద్దె మీద కూర్చోవడం. ఆ పనిలో ఆయనను మించినవాడు బజారులో లేడు.

1991 ఆషాఢంలో, ఆమెకు నలభై తొమ్మిదేళ్లప్పుడు, చీర మడతపెడుతుంటే ఛాతీ నుంచి నెత్తి దాకా మంట లేచింది. రవిక చెమటతో తడిసిపోయింది. అదే సమయానికి దౌల్తాబాద్ నుంచి బేరానికి వచ్చిన బాలవ్వ పదకొండో చీర విప్పించి, "ఇంకోటి సూపియ్యి" అంది. విమలమ్మ చీరల కుప్పను అవతలికి తోసి ఒక్క అరుపు అరిచింది. బోనాల నెల కదా, బాలవ్వ చటుక్కున కాళ్ల మీద పడింది.

"ఎల్లమ్మ తల్లి వచ్చింది! నా బిడ్డకు సంబంధం కుదురుతదా తల్లీ?"

"ముందు నువ్వు జరుగు, గాలి రానియ్యి!"

సాయంత్రానికి బజారంతా గుప్పుమంది. "తల్లి పూనే మనిషి దుకాణంల కూసోవద్దు. రేపటి సంది ఇంట్లనే ఉండు" అని నాగేశం తీర్పు చెప్పాడు. దుకాణం లేకపోతే విమలమ్మకు మిగిలేది వంటగదీ, గోడ మీద అత్తగారి ఫొటోనూ.

ఆయనను వెంటబెట్టుకుని డాక్టర్ ప్రమీలాదేవి దగ్గరికి పోయింది. సంగతంతా విని డాక్టరమ్మ ఫక్కున నవ్వింది.

"తల్లీ లేదు, ఏం లేదు. మెదడు కింద శనగగింజంత గ్రంథి ఉంటది, పిట్యూటరీ. పైన మెదడు నుంచి వచ్చే కబుర్లు అందుకోనీకి దానికి తలుపులుంటయి, రిసెప్టర్లు. ఎన్ని తలుపులు చేసుకోవాలె, ఎంత గట్టిగ పలకాలె అని దానికి చెప్పేది ఈస్ట్రోజన్ అనే హార్మోను. ముట్లు ఆగే ఈ వయసుల అది తగ్గుతది. అదుపు లేక గ్రంథి గోల చేస్తది, ఒంట్ల వేడి లెక్క తప్పుతది."

విమలమ్మకు ఇట్టే అర్థమైంది. తను నాలుగు రోజులు రాకపోతే దుకాణంలో జరిగేదీ అదే.

"అంటే జబ్బే గద! ఇంట్ల పండుకో" అన్నాడు నాగేశం.

"జబ్బు కాదు, వయసు. గాలి తగిలే జాగల కూసోవాలె, అంతే."

మరునాడు ఆయన వచ్చేసరికి విమలమ్మ గద్దె మీద ఉంది.

"గిదేంది? లే!"

"తల్లి పూనిందంటే తల్లికి గద్దె ఇయ్యాలె. హార్మోనంటే గాలి ఇయ్యాలె. ఏదనుకుంటరో మీ ఇష్టం, నేనైతే లెవ్వ."

ఆయన నోరు తెరిచేలోపే బాలవ్వ కొబ్బరికాయతో దిగి, గద్దెకు దండం పెట్టి, ఎర్ర చీర అడిగింది. కొనడానికి వచ్చినవాళ్ల ముందు దేవతతో గొడవేం పెట్టుకుంటాడు? నాగేశం అరల వైపు నడిచాడు. ఎర్రవి ఎక్కడుంటాయో తెలియక వెనక్కి తిరిగి భార్యను చూశాడు.

"మూడో అర, ఎడమ దిక్కు" అంది విమలమ్మ, కొంగుతో చెమట తుడుచుకుంటూ.