ఎడమవైపు గిటారిస్టు ఎక్కడికి పోయాడు

ఎనభై ఒకటి వసంతంలో ఒక శనివారం మధ్యాహ్నం, అమెరికాలో డెట్రాయిట్ పక్కన ట్రాయ్‌లో మా ఇంట్లో సోఫా పక్కన నేల మీద కూర్చుని, కొత్త రికార్డు పెట్టుకుని హెడ్‌ఫోన్స్ తగిలించుకున్నాను. మొదటి పాట సగం కాకముందే ఒళ్ళు మండింది. స్లాగ్‌హీత్ అనే ఆ ఇంగ్లీష్ మెటల్ బ్యాండ్‌లో గిటార్ వాయించేవాళ్ళు ఇద్దరు. ఒకడు ఎప్పుడూ ఎడమ చెవిలో వినిపిస్తాడు, ఇంకొకడు కుడి చెవిలో. కొత్త రికార్డులో ఎడమవాడు లేడు. అట్ట వెనక ఫోటోలో జుట్టు విరబోసుకుని నవ్వుతూనే ఉన్నాడు. రికార్డులో మాత్రం పక్కింట్లోంచి వస్తున్నట్టు సన్నగా ఏదో గీరుడు, అంతే.

నా జబ్బు ఎప్పుడు బయటపడిందని ఎవరైనా అడిగితే ఆ శనివారమే చెబుతాను. అప్పుడు నాకది జబ్బుగా తోచలేదు. బ్యాండ్ చెడిపోయిందనుకున్నాను.

మాది బాపట్ల దగ్గర. డెబ్బై నాలుగులో నేనూ నా భార్య సుగుణా ఇక్కడికి వచ్చాం. కార్ల కంపెనీ టెస్ట్ ల్యాబ్‌లో నా ఉద్యోగం చప్పుళ్ళు పట్టుకోవడం. తలుపు వేస్తే వచ్చే శబ్దం, వేగంగా పోతుంటే డాష్‌బోర్డు కింద వచ్చే కిచకిచ, ఇలాంటివి మైకులు పెట్టి కొలిచి ఎక్కడి నుంచి వస్తున్నాయో చెప్పాలి. నా పక్క బెంచీ డేవ్‌ది. స్లాగ్‌హీత్ మొదటి రికార్డు డెబ్బై ఎనిమిదిలో నాకు వినిపించింది అతనే. ఇంగ్లండ్‌లో ఏదో ఉక్కు ఫ్యాక్టరీల ఊరి కుర్రాళ్ళు, ఒకరి కాళ్ళు ఒకరు తొక్కుకుంటూ పరుగెత్తుతున్నట్టు వాయించారు. చర్చిలో హార్మోనియం విని పెరిగిన నాకు అది ఎందుకంత నచ్చిందో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. ఏ మూల ఏ చప్పుడుందో వెతకడం నా వృత్తి కదా, ఇద్దరు గిటారిస్టులు చెరో పక్క నిలబడి కొట్లాడుకుంటుంటే ఆ కొట్లాట మధ్యలో కూర్చోవడం నాకు పండగలా ఉండేది.

రెండేళ్ళకు, రెండో రికార్డులో, వాళ్ళ పద్ధతి మారింది. వేగం తగ్గింది. ఇద్దరూ కొట్లాట మాని, ఒకే రాగాన్ని ఒకడు పైన ఒకడు కింద పట్టుకుని వాయించడం మొదలుపెట్టారు. అప్పుడే కచేరీకి డెట్రాయిట్ వస్తే డేవ్ నన్ను తీసుకెళ్ళాడు. ఇంటికొచ్చి స్పీకర్లలో పెడితే సుగుణ వంటింట్లోంచి, "ఏమండీ, అది పాటా, రైస్‌మిల్లా?" అంది. పాప పుట్టాక హెడ్‌ఫోన్స్ కొనక తప్పలేదు.

ఇక ఆ మూడో రికార్డు సంగతి. ముందు సూది మార్చాను. తర్వాత సూదిని పట్టుకునే కార్ట్‌రిడ్జ్ మార్చాను, వైర్లన్నీ మార్చాను. ఏదీ కుదరలేదు. చివరికి అట్ట మీదున్న ఇంగ్లండ్ అడ్రసుకి ఒక ఘాటైన ఉత్తరం రాశాను: కుడివాడి అసూయ వల్లే ఎడమవాడి నోరు నొక్కేశారని, ఒక శబ్దాల ఇంజనీరుగా తీర్పు చెబుతున్నానని. తలుచుకుంటే సిగ్గేస్తుంది.

అప్పటికే వేరే సూచనలున్నాయి. ఫోన్ ఎడమ చెవికి పెట్టుకుంటే బొంగురుగా వచ్చేది. ఫోన్ పాతదైపోయిందని దాన్ని తిట్టాను. ఇళ్ళల్లో జరిగే మా తెలుగు ప్రార్థన కూటంలో ఆనందరావు గారని పెద్దాయన ఉండేవారు. ఆయన పలకరిస్తే నేను మొహం తిప్పుకున్నానని సుగుణ నన్ను కోప్పడింది. నాకు వినపడితే కదా! చీకట్లో బేస్‌మెంట్ మెట్లు దిగుతుంటే కాస్త పక్కకి ఒరిగేవాణ్ణి. ఫ్యామిలీ డాక్టర్ చెవిలోకి తొంగి చూసి, "వాక్స్, గుబిలి పేరుకుంది," అని చుక్కల మందు రాసిచ్చాడు.

లంచ్‌లో డేవ్‌తో అన్నాను, "కొత్త రికార్డు చెత్త. ఎడమవాణ్ణి చంపేశారు."

"నీకు పిచ్చా? వాడు జన్మలో ఇంత బాగా వాయించలేదు," అన్నాడు డేవ్.

మాటా మాటా పెరిగింది. తేల్చుకుందామని ఆ తర్వాతి శనివారం మా ఇంటికొచ్చాడు. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని విని, "ఉన్నాడు," అన్నాడు. నేను పెట్టుకుని, "లేడు," అన్నాను. డేవ్ నా మొహంలోకి ఒక్క క్షణం చూశాడు. నా తల మీంచి హెడ్‌ఫోన్స్ తీసి, ఎడమది కుడికీ కుడిది ఎడమకీ వచ్చేలా తిప్పి పెట్టాడు.

ఎడమవాడు నా కుడి చెవిలో గర్జిస్తూ దిగాడు. కుడివాడు మాయమయ్యాడు.

ఒక మైకు తక్కువ చూపిస్తే కారుని అనుమానించకముందు రెండు మైకుల స్థానం మార్చి చూడాలి. మా ల్యాబ్‌లో కొత్తగా చేరినవాళ్ళకి మొదటి రోజు నేర్పే పాఠం అది. నేర్పేది నేనే. సూది మార్చాను, వైర్లు మార్చాను, ఇంగ్లండ్‌ని తిట్టాను, చెవిని మాత్రం అనుమానించలేదు. డేవ్ నవ్వలేదు. "సోమవారం పొద్దున్నే స్పెషలిస్ట్‌కి కాల్ చెయ్. ముందు అది చేసి తర్వాత ల్యాబ్‌కి రా," అన్నాడు.

ఆడియోగ్రామ్‌లో, అంటే వినికిడి పరీక్ష గ్రాఫులో, కుడి చెవి గీత తిన్నగా ఉంది. ఎడమది మెట్లు దిగినట్టు కిందికి జారిపోయింది. ఎడమ చెవిలో శబ్దం పడుతున్నా మాటలు పోల్చుకోలేకపోతున్నానని ఆడియాలజిస్ట్ చెప్పింది. ఆ తర్వాత తలకి వైర్లు అంటించి, శబ్దం మెదడుకి ఎలా చేరుతోందో చూసే బ్రెయిన్‌స్టెమ్ టెస్ట్, నరంలోకి కాంట్రాస్ట్ మందు ఎక్కించి సి.టి. స్కాన్. సర్జన్ ఫిల్మ్‌ని లైటు ముందు పెట్టి, గోళీకాయంత తెల్లటి మచ్చ చూపించాడు.

"అకూస్టిక్ న్యూరోమా. చెవి నరం మీద గడ్డ. క్యాన్సర్ కాదు. కానీ మెదడు అడుగు భాగాన్ని, బ్రెయిన్‌స్టెమ్‌ని, నెడుతోంది. తీసెయ్యాలి."

"నా వినికిడి?"

"ఎడమవైపు మిగిలిన కాస్తా పోతుంది. మొహాన్ని కదిలించే ఫేషియల్ నెర్వ్ ఆ గడ్డ మీదే సాగి ఉంది. కాపాడటానికి చేయగలిగిందంతా చేస్తాను. మాట ఇవ్వలేను."

ప్రాణం గురించి భయపడాలని తెలుసు. అయినా నా మనసు చెవి చుట్టూనే తిరిగింది. ఏ చప్పుడు ఎటు నుంచి వస్తోందో చెప్పడమే నా బతుకుతెరువు. రెండు చెవులుంటేనే అది తెలుస్తుంది. ఒంటి చెవివాణ్ణి ఏ ల్యాబ్ ఉంచుకుంటుంది? మొహం సగం వాలిపోతే ఏడాది పాప నా దగ్గరికి వస్తుందా?

సంగతి తెలిసి ఆనందరావు గారు వచ్చి ప్రార్థన చేశారు. లేస్తూ, "బాబూ, ఆ సైతాను వాయిద్యాలు చెవిలో పెట్టుకోబట్టే ఇదంతా. ఇప్పటికైనా వదిలెయ్," అన్నారు. ఆయన వెళ్ళాక సుగుణ రికార్డులన్నీ అట్టపెట్టెలో సర్ది బేస్‌మెంట్‌లో పెట్టింది. నేను అడ్డు చెప్పలేదు. లోలోపల నాకూ అదే అనుమానం. డాక్టర్ని అడిగితే అవునంటాడేమోనని అడగలేదు.

ఆపరేషన్‌కి వారం ముందు మాట్లాడటానికి ఇద్దరం వెళ్ళాం. సర్జన్ చెప్పాల్సినవన్నీ చెప్పి లేవబోతుంటే సుగుణ అంది, "డాక్టర్, ఈయన పెద్ద సౌండ్‌తో మ్యూజిక్ వింటారు. దానివల్లే వచ్చిందా? నిజం చెప్పండి."

నేను నేలవైపు చూస్తూ కూర్చున్నాను.

ఆయన మళ్ళీ కూర్చున్నాడు. "లేదమ్మా. ఈయన జీవితమంతా చర్చి పాటలు తప్ప ఏమీ వినకపోయినా ఇది పెరిగేదే. ఇంకో మాట చెప్పనా? చాలామంది కాళ్ళ మీద నిలబడలేని స్థితిలో నా దగ్గరికి వస్తారు. ఈయన్ని ఆ రికార్డు ముందే పంపింది."

ఇంటికెళ్ళగానే సుగుణ కోటు కూడా విప్పకుండా బేస్‌మెంట్‌లోకి వెళ్ళి ఆ పెట్టె మోసుకొచ్చింది. "ఏమండీ, వినండి. వచ్చే వారం తర్వాత రెండు చెవులతో వినడం కుదరదు కదా," అంది. ఎడమ చెవిలో మిగిలింది ఎంతని! అయినా ఆ సాయంత్రం మూడు రికార్డులూ వరసగా విన్నాను. పాపని ఒళ్ళో పెట్టుకుని తను పక్కనే కూర్చుంది. నేను ఏడ్చాను. దాచుకోలేదు.

ఆపరేషన్ పొద్దున మొదలై సాయంత్రం దాకా సాగింది. మెలకువ వచ్చేసరికి గది గిర్రున తిరుగుతోంది. మంచం రెయిలింగ్ పట్టుకుంటే అదీ తిరుగుతోంది. "పూర్తిగా తీసేశాం. నెర్వ్ తెగలేదు, బాగా నలిగింది. ఓపిక పట్టాలి," అన్నాడు సర్జన్. ఎడమ కన్ను మూసుకోదు, నీళ్ళు తాగితే ఎడమ పక్క నుంచి కారిపోతాయి. గంట గంటకీ కంట్లో చుక్కలు, నిద్రకి ముందు రెప్పకి టేపు. ఆ పనంతా సుగుణ చేసింది.

ఇంటికొచ్చిన మూడో రోజు బూటు లేసు కట్టుకోవడానికి వంగితే ముక్కులోంచి నీళ్ళు టపటపా కారాయి. జలుబనుకుని తుడుచుకున్నాను. ఉప్పగా ఉంది. సుగుణ హాస్పిటల్‌కి ఫోన్ చేస్తే నర్స్, "కారులో పడుకోబెట్టి ఇప్పుడే తీసుకురండి," అంది. స్పైనల్ ఫ్లూయిడ్ లీక్, మెదడు చుట్టూ ఉండే ద్రవం కారిపోతోంది. నడుములో లంబార్ డ్రెయిన్ అనే సన్న గొట్టం పెట్టి, కదలొద్దన్నారు. ఇన్ఫెక్షన్ వస్తే మెనింజైటిస్, మెదడు పొరల వాపు, అన్నారు. నా ధైర్యం పూర్తిగా జారిపోయింది ఆ వారమే.

సుగుణకి అప్పటికి డ్రైవింగ్ రాదు. రోజూ ఆమెను హాస్పిటల్‌కి తెచ్చి, పాపని తన ఇంటివాళ్ళకి అప్పగించి, మళ్ళీ దింపింది ఎవరనుకున్నారు, ఆనందరావు గారే. నా కుడివైపు కుర్చీ వేసుకుని కీర్తన చదివేవారు. గడ్డం గీసేవారు కూడా, ఆ వాలిన చెంప చర్మాన్ని వేలితో మెల్లగా లాగి పట్టుకుని. ఆయన మీద నాకున్న కోపం అక్కడే పోయింది. మెటల్ సంగీతం విషయంలో మాత్రం మాకు ఈనాటికీ పడదు.

లీక్ ఆగింది. గోడలు పట్టుకుని నడక నేర్చుకున్నాను. ఆపరేషన్ అయిన ఎనిమిదో నెలలో వాలిన చెంప మొదటిసారి అదిరింది. ల్యాబ్‌కి వెళ్ళేసరికి డేవ్ మా బాస్‌తో ముందే మాట్లాడి పెట్టాడు: చప్పుడు ఎటు నుంచో తను వింటాడు, మైకుల గ్రాఫులు నేను చదువుతాను. అలా ఇద్దరం కలిసి ఒక మనిషి పని చేస్తున్నామని అతను వేళాకోళం చేసేవాడు. మాకిద్దరికీ ప్రమోషన్ వచ్చింది, కాబట్టి పర్వాలేదు. రెండు చానెళ్ళనీ కలిపి ఒకే చెవికి పంపే చిన్న వైరు కూడా సోల్డర్ చేసి ఇచ్చాడు. దాంతో వింటే ఇద్దరు గిటారిస్టులూ ఒకే ఇరుకు బెంచీ మీద సర్దుకుని కూర్చున్నట్టుండేది. దానికే పొంగిపోయాను. ఇంగ్లండ్‌కి క్షమాపణ ఉత్తరం రాశాను. జవాబు రాలేదు, రావాల్సిన పనీ లేదు.

ఎనభై నాలుగులో వాళ్ళ కొత్త రికార్డు విని నా గుండె ఆగినంత పనైంది. ఒకటే గిటార్. డేవ్ దగ్గరికి పరుగెత్తి, "మళ్ళీ స్కాన్ తీయించాలేమో," అన్నాను. అతను కళ్ళల్లో నీళ్ళొచ్చేలా నవ్వాడు. ఎడమవాడు ఈసారి నిజంగానే బ్యాండ్ వదిలి వెళ్ళిపోయాడట. ఒక చెడ్డ వార్తకి అంత సంబరపడ్డవాడు ఇంకొకడు ఉండడు. తర్వాత వాళ్ళు ఆ ఖాళీలో కీబోర్డులు తెచ్చి పెట్టారు. జుట్టు దువ్వుకున్నారు, రేడియోకి సరిపడే పాటలు కట్టారు. పాత అభిమానులు ద్రోహులని దుమ్మెత్తిపోశారు. నాకు తిట్టబుద్ధి కాలేదు. ఒక పక్క పోయినవాళ్ళు ఉన్నదాంతో ఏదో ఒకటి చేసుకోవాలి కదా.

ఎనభై ఎనిమిదిలో ఎడమవాడు తిరిగొచ్చాడు. పాటలు నెమ్మదించాయి, బరువెక్కాయి. గాయకుడి గొంతు పైకి అందని చోట కిందే పాడాడు. పోయిన శరదృతువులో డెట్రాయిట్‌లో కచేరీ అంటే, టికెట్లు సుగుణే బుక్ చేసింది. ఉన్న ఒక్క చెవినీ కాపాడుకోవాలి కాబట్టి ఇయర్‌ప్లగ్ పెట్టుకున్నాను. తను నాకు ఎడమ పక్కన నిలబడింది. ఎవరు వాయిస్తున్నారో నాకు విని తెలియదని తనకి తెలుసు. ఎడమవాడు అందుకున్నప్పుడల్లా నా చెయ్యి నొక్కింది.

ఇప్పుడు నా ఆరోగ్యం బాగుంది. ఏటేటా స్కాన్ క్లీన్‌గా వస్తోంది. గుంపులో మాటలు అందవు, ఎవరైనా పిలిస్తే చుట్టూ తిరిగి వెతుక్కుంటాను. అమెరికాలో స్టీరింగ్ ఎడమవైపు ఉండటం నా అదృష్టం, కారులో సుగుణ ఎప్పుడూ నా మంచి చెవి వైపే ఉంటుంది. ఆ రోజు కచేరీ నుంచి వస్తూ, "నచ్చిందా?" అని అడిగాను.

"ఛ. తల పగిలిపోయింది," అంది. నావైపు తిరిగి, "కానీ మీరు నవ్వారండీ. రెండు పక్కలా," అంది.

ఈ జబ్బుతో ఉన్నవాళ్ళకి నేను చెప్పగలిగింది ఒక్కటే. డాక్టర్ దగ్గరికి ఒక్కరే వెళ్ళకండి. మీరు అడగడానికి భయపడే ప్రశ్నని అడిగే మనిషిని పక్కన కూర్చోబెట్టుకోండి.