సాక్ష్యంలో నేను చెప్పని సగం

టీవీలో కోటు వేసుకుని కూర్చుని ఫలానా షేరు కొనండి అని చెప్పేవాళ్లను నేను తిట్టినంతగా మార్కాపురంలో ఇంకెవరూ తిట్టి ఉండరు. మనల్ని కొనమంటారు, ఆ పూటే తమవి అమ్ముకుంటారు. టీ కొట్టు బల్ల మీద పేపరు పరిచి, వినేవాడున్నా లేకపోయినా, ఏళ్ల తరబడి నేను చెప్పిన మాట ఇది. ఐదో తరగతితో నా బడి ఆగిపోయింది. పలకల కంపెనీలో చట్రాలు బిగిస్తూ, పేపర్లో వ్యాపారం పేజీ కూడబలుక్కుని చదువుకుంటూ షేర్లు నేర్చుకున్నాను. నాకెవరూ చెప్పలేదు, ఎవరి మాటా నేను వినలేదు. ఆ గర్వం నాకు దండిగా ఉండేది.

నిజానికి నా పద్ధతి పేపర్లోంచి వచ్చింది కాదు. బోర్ల దగ్గర నేర్చుకున్నది. మా వైపు బోరు వేయించినవాళ్లకు చెప్పనక్కర్లేదు. అరచేతిలో టెంకాయ పెట్టుకుని చేనంతా నడిచినవాడు ఒకచోట ఆగి, ఇక్కడ నీళ్లున్నాయంటాడు. బోరు బండి వస్తుంది. ఎంత లోతుకు పోయినా తెల్లదుమ్మే లేస్తుంది. ఇంకో యాభై అడుగులు పోదామా అంటాడు బండివాడు. ఇంతదాకా పెట్టాం కదా, పోదాం అంటాం. అదీ ఎండిపోతే దాని పక్కనే ఇంకోటి. మా నాయన ఇచ్చిన మూడెకరాలు నేను అట్లాగే పోగొట్టుకున్నాను.

అందుకే షేర్ల జోలికి వచ్చినప్పుడు, ఎన్ని అడుగుల దగ్గర ఆపాలో బండి రాకముందే తేల్చుకోవాలని పెట్టుకున్నాను. ఇంతకు పడితే అమ్మేస్తాను, ఇంతకు పెరిగితే అమ్మేస్తాను. ఆ రెండు ధరలూ కొనకముందే ఖాయం కావాలి. పడుతున్న షేరు మీద మళ్లీ డబ్బు పెట్టకూడదు, అది ఎండిన బోరు పక్కన ఇంకో బోరు. పంటకో పిల్లల ఫీజుకో కావలసిన డబ్బు ముట్టుకోకూడదు. ఆ కంపెనీ ఏం చేసి బతుకుతోందో మన నోటితో చెప్పలేకపోతే అటు చూడనే కూడదు. వీటిలో ఒక్కటీ తప్పలేదు నేను. తప్పకుండానే తలెత్తుకోలేని పని చేశాను.

మా చర్చిలో ఆదివారం పాటలయ్యాక సాక్ష్యాల సమయం ఉంటుంది. దేవుడు చేసిన మేలు చెప్పుకోవాలనుకున్నవాళ్లు లేచి చెప్పి, కానుక డబ్బు పెట్టిన కృతజ్ఞత కవరు ఇచ్చి కూర్చుంటారు. జ్వరం తగ్గిందనో, గేదె ఈనిందనో చెబుతారు. నాకెప్పుడూ చెప్పుకోవడానికి ఏమీ ఉండేది కాదు. పోయిన ఎండాకాలం మొదట్లో ఒక ఆదివారం లేచాను. ప్లాస్టిక్ పైపులు చేసే ఒక చిన్న కంపెనీ షేర్లు కొన్నానని, అవి దాదాపు రెండింతలయ్యాయని, ఐదో తరగతివాడికి దేవుడు ఈ తెలివి ఇచ్చాడని చెప్పాను. కంపెనీ పేరు కూడా చెప్పాను. ఆడవాళ్ల వైపు నుంచి స్తోత్రం, స్తోత్రం అన్నారు. అంతమంది ఒక్కసారిగా నా వైపు గౌరవంగా చూడటం నాకు అదే మొదలు.

కవరు ఇచ్చి చాప మీద కూర్చున్నాక భయం పట్టుకుంది. లాభం లాభం అన్నానే గాని, నేనింకా అమ్మలేదు. ఫోన్‌లో పచ్చగా కనబడే అంకె తప్ప చేతిలో ఏమీ లేదు. రేపు అది పడిపోతే దేవుడి ముందు అబద్ధమాడినట్టే కదా. పైగా నేను ముందే అనుకున్న ధర కూడా దగ్గరికి వచ్చేసింది. సోమవారం మార్కెట్ తెరవగానే మొత్తం అమ్మేశాను. సాక్ష్యం నిజమైందని తృప్తిగా టీ తాగాను.

ఆ సోమవారమే నా తమ్ముడు కొన్నాడు. తోడబుట్టినవాడు కాదు. పలకల కంపెనీలో నా పక్కన రాయి కోసినవాడు, చర్చిలో నా వెనక కూర్చునేవాడు. ఊరి బయట రెండెకరాల్లో బత్తాయి మొక్కలు పెట్టాడు. నాకు లేని అదృష్టం అతనికి ఉంది, బోరులో నీళ్లు పడ్డాయి. మోటారుకు, పైపులకు డబ్బు కూడబెట్టుకుంటూ, అప్పటిదాకా పక్క చేనువాళ్లు వదిలే నీళ్లతో మొక్కల్ని బతికిస్తున్నాడు. ఎండలు ముదిరితే వాళ్లూ ఇవ్వలేరు.

బుధవారం టీ కొట్టు దగ్గర బండి ఆపి దిగాడు.

“అన్నా, నేనూ దిగినా! మోటారు డబ్బులు పెట్టినా. రెండు రోజులకే ఎంత పెరిగిందో చూడు.”

“ఎప్పుడు కొంటివి?”

“సోమవారం పొద్దున్నే. నువ్వు చెప్పినంక ఇంకేంది ఆలోచించేది?”

టీ పోస్తున్న సాయిబు నవ్వాడు. “ఇన్నేళ్ల నుంచి నా బల్ల అరగదీసినాడు, నాకు ఒక్క షేరు పేరు చెప్పలే. దేవుడి ముందరైతేనే చెప్తాడంట పెద్దాయన!”

నేను ఒక్క మాట అనాల్సింది. నావి అమ్మేశాను తమ్ముడూ, నువ్వూ అమ్ముకుని బయటపడు, అని. ఆ రోజు కొనేవాళ్లకు కొదవ లేదు. కానీ ఆదివారం దేవుడి మేలు అని చెప్పి సోమవారం వదిలించుకున్నాడంటే నన్నేమనుకుంటాడు? “మంచిదే, జాగ్రత్త” అన్నాను. అతను తెప్పించిన టీ తాగాను.

తర్వాతి వారం పడటం మొదలైంది. ఇట్లాంటి చిన్న షేరు ఒక రోజులో ఇంతకంటే పడకూడదని హద్దు ఉంటుంది. పొద్దున తెరవగానే ఆ హద్దుకు పడి అక్కడే ఆగిపోయేది. అమ్మేవాళ్లే అందరూ, కొనేవాడు ఒక్కడూ లేడు. మరునాడూ అదే కథ.

“అన్నా, అమ్ముదామంటే పోవటంల్యా” అని ఫోన్ చేశాడు.

“ఓపిక పట్టు” అన్నాను. అంతకంటే సిగ్గుమాలిన మాట నా నోట ఎప్పుడూ రాలేదు.

చౌకగా వస్తోంది కదా అని పైపుల డబ్బు కూడా దాని మీదే పెట్టాడు. ఎండిన బోరు పక్కన ఇంకో బోరు. ఆ సంగతి అతనికి నేనెప్పుడైనా చెప్పి ఉంటే కదా!

ఒక సాయంత్రం ఇంటికి వచ్చాడు. మొహం పీక్కుపోయి ఉంది. అయినా వచ్చింది నన్ను ఓదార్చడానికి.

“నాకంటే నీకే ఎక్కువ పోయింటాది. దిగులు పెట్టుకుంటావని వచ్చినా. ఏదీ, నీ ఫోన్ చూపియ్యి.”

ఇచ్చాను. వేలితో పైకీ కిందికీ జరిపి చూశాడు.

“ఇందులో లేదేందన్నా?”

“అమ్మేసినా.”

“ఎప్పుడు?”

“సోమవారం.”

“ఏ సోమవారం?” అని అడిగి, నా మొహం చూసి, అతనే చెప్పాడు. “నేను కొన్న సోమవారం.”

నీళ్లు తెస్తున్న మా ఆవిడ గడప దగ్గరే నిలబడిపోయింది. “నాకు గూడా చెప్పలేదు గదయ్యా” అంది.

నా షేర్లు ఎవరు కొన్నారో తెలుసుకునే దారి లేదు. అతని చేతికే పోయాయని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది. వచ్చిన లాభమంతా తీసుకోమన్నాను. చెయ్యి అడ్డం పెట్టాడు.

“నష్టం ఎవరికైనా వస్తాది అన్నా. బుధవారం నా మొహం చూస్తా టీ తాగినావే, అదీ నాకు బాధ. ఆ డబ్బు నాకొద్దు. మన చర్చోళ్లు ఇంకా కొందరు చౌకగా వచ్చిందని కొననీకి చూస్తాండారు. ముందు వాళ్లకు చెప్పు.”

ఆ ఆదివారం కవరు లేకుండా లేచాను. అందరూ మళ్లీ లాభమే అనుకున్నారు, మొహాలు వెలిగిపోతున్నాయి. అమ్మేశానని చెప్పాను. ఏ రోజు అమ్మానో, బుధవారం ఎందుకు నోరు మూసుకున్నానో కూడా చెప్పాను. స్తోత్రం అన్నవాళ్లు లేరు. పాస్టరుగారు బైబిల్లో ఏదో వెతుకుతున్నట్టు తల దించుకున్నారు. ముందు వరసలో ఒక పెద్దామె మాత్రం అడిగింది.

“అట్లయితే ఇప్పుడు ఏది కొనమంటావు నాయనా?”

నాకు ఒళ్లు మండిపోయింది. “ఇంత విన్నాక కూడానా! నన్ను అడగొద్దు, టీవీవాణ్ణీ అడగొద్దు” అని చర్చి అని కూడా చూడకుండా అరిచాను. అరిచాక గుర్తొచ్చింది. ఆమెకు ఆ ఆశ పెట్టింది నేనే. గొంతు తగ్గించి, మొదటి ఆదివారమే చెప్పాల్సిన అడుగుల లెక్క, ఎక్కడ ఆపాలో ముందే అనుకోవాలని, అప్పుడు చెప్పాను. ఎంతమందికి ఎక్కిందో తెలియదు. నా వెనక కూర్చుని తమ్ముడూ అంతా విన్నాడు.

షేరు కదిలి కొనేవాళ్లు వచ్చేసరికి చివరికి అతనికి మిగిలింది పావు వంతు. మోటారు రాలేదు. పక్క చేనువాళ్లు నీళ్లు ఆపేశారు. ట్యాంకర్ ఖర్చు మాత్రం నన్ను పెట్టుకోనిచ్చాడు, అదీ మా ఆవిడ పోయి అడిగితే.

మొదటి ట్యాంకర్ వచ్చిన రోజు నేనూ చేనికి పోయాను. గట్టు వైపు మొక్కలు అప్పటికే ఎండిపోయాయి. మిగతావాటి ఆకులు ముడుచుకుని ఉన్నాయి. నేను పైపు పట్టుకుని పాదుల్లో నీళ్లు వదులుతుంటే, అతను పారతో కట్టలు సరిచేస్తూ, తల ఎత్తకుండానే అడిగాడు.

“ఎన్ని ట్యాంకర్ల కాడ ఆపుదామన్నా? ముందే అనుకోవాలంటివి కదా.”

ఏ నియమమూ గుర్తుకు రాలేదు నాకు.

“వాన పడేదాకా పోదాం” అన్నాను.