వాక్డ్ బాబాయి

బాబాయికి ఇంగ్లీషులో వచ్చిన క్రియ ఒకే ఒక్కటి. అది ‘వాక్’. దాన్ని ఉడుంపట్టు పట్టాడు. నడుస్తాను, నడిచాను, నడుస్తున్నాను, నడిచి ఉంటాను, నడుస్తూ ఉండి ఉంటాను... లోకంలో ఎన్ని కాలాలున్నాయో అన్ని కాలాల్లోనూ దాన్ని కాళ్ళరిగేలా నడిపించేవాడు. పోస్టుమాన్‌గా వీధులు తిరిగే రోజుల్లో అడుగుకో మాట చొప్పున వల్లించి నేర్చుకున్నాడు. రిటైరయ్యాక కాళ్ళు ఆగాయి గానీ నోరు ఆగలేదు.

భోజనానికి రమ్మని పిన్ని కేకేస్తే “ఐ విల్ వాక్” అంటూ వంటింట్లోకి వచ్చేవాడు. బజారుకు పంపిస్తే ఖాళీ సంచీ ఊపుకుంటూ తిరిగొచ్చి “ఐ హావ్ వాక్డ్” అనేవాడు.

“నడిచారు సరే, కూరగాయలేవండీ?”

“కొనడం వేరే క్రియ. అది నాకు రాదు.”

ఇక్కడితో ఆగితే అది మొగుడూ పెళ్ళాల గోలగానే ఉండిపోయేది. ఓ రోజు బాబాయి ముందుగదిలో చాపలు పరిచి, ‘సాయంత్రం ఆరింటికి ఇంగ్లీషు చెప్పబడును, టీ ఇవ్వబడును’ అని గుమ్మానికి అట్టముక్క వేలాడదీశాడు. ఇంగ్లీషు చూసి వచ్చారో టీ చూసి వచ్చారో గానీ దర్జీ, సెలూన్ ఆయన, బేకరీ ఆవిడ, వాళ్ళ వెనకే సగం వీధీ దిగబడ్డారు. బాబాయి చప్పట్లు కొడుతూ “ఐ వాక్!” అనడం, అందరూ ఒక్క గొంతుతో “ఐ వాక్డ్!” అనడం. పాఠం అంతే.

మొదటి వారంలోనే మందుల షాపు అమ్మాయి బాబాయి బీపీ మాత్రలు ఇచ్చిపోదామని వచ్చింది. పాపం, ఆ పిల్లకు నత్తి. మొదటి అక్షరం దగ్గరే గొంతు గడియ పెట్టుకునేది. అందుకే షాపు ఓనరు ఆమెను వెనకగదిలో పెట్టెలు సర్దే పనిలో ఉంచాడు. కౌంటరులో పనిచేసే ఆవిడ త్వరలో మానేస్తోంది. ఆ చోటు తనకివ్వమని అమ్మాయి అడగనే అడిగింది. ఒక్క మాట బయటికి తేవడానికి చెమటలు పట్టినా సరే, అడిగింది.

“ఒక పూట నిలబడి చూడు. వచ్చినవాళ్ళకి నోరు విప్పి జవాబు చెప్పావా, చోటు నీది. లేదంటే బయటి మనిషిని పెట్టుకుంటా” అన్నాడు ఓనరు. సంగతి వీధంతటికీ తెలుసు.

మాత్రలిచ్చిన అమ్మాయి గుమ్మంలోనే నిలబడి, అందరితో పాటు తనూ నోరు కదిపింది. బాబాయి చప్పట్లు ఒక్క క్షణం తడబడ్డాయి. మర్నాటినుంచి గుమ్మం పక్క చాప ఆమెదే.

వారాలు గడిచినా వాక్ మాత్రం కదల్లేదు. జనానికి విసుగొచ్చింది.

“బాబాయ్ గారూ, ఇంకో క్రియ ఎత్తుకోండి. ఈ నడకతో కాళ్ళు పీకుతున్నాయి” అన్నాడు దర్జీ.

“దీన్ని నడిరోడ్డు మీద వదిలేసి ఇంకోదాని వెంట పడమంటావా? గొంతు పెంచు!”

“పోనీ మమ్మల్ని విడివిడిగా అడగరాదూ?” అంది బేకరీ ఆవిడ.

“నా క్లాసులో విడివిడి లేదు. అంతా కలివిడే.”

ఎగ్గొట్టిన వాళ్ళ ఇళ్ళకు వెళ్ళి మరీ లాక్కొచ్చేవాడు. దాక్కున్నవాణ్ణి మంచం కిందనుంచి బయటికి తీశాడు. “ఎందుకండీ ఈ పంతం? టీపొడి డబ్బా అడుగంటింది” అని పిన్ని మొత్తుకుంటే, “ఐ యామ్ వాకింగ్” అని జారుకునేవాడు. పిన్నికి మాత్రం అనుమానం వదల్లేదు. ఈయన ఏదో దాస్తున్నాడు.

చివరికి వీధి పరిస్థితి ఎలా తయారైందంటే, ఎవరైనా ఏ మూలైనా “ఐ వాక్” అంటే చాలు, దర్జీ మిషను తొక్కుతూనే “ఐ వాక్డ్” అనేవాడు. సెలూన్ ఆయన గెడ్డం కింద కత్తి పెట్టి “ఐ హావ్ వాక్డ్” అనేవాడు. కుర్చీలో ఉన్నవాడు, ప్రాణభయంతోనే అయినా, మిగతాది పూర్తి చేసేవాడు.

అమ్మాయిని కౌంటరులో నిలబెట్టే రోజు రానే వచ్చింది. ఆ పొద్దున వీధి మొత్తానికి ఒకేసారి తలనొప్పి పట్టుకుంది. మందుల షాపు ముందు పేద్ద వరస. పిన్ని కూడా వెళ్ళి నిలబడింది. తలనొప్పికి కాదు, చూడకపోతే తల పగిలిపోతుందని.

వరసలో మొదటివాడు ఎవరో కొత్తవాడు. “ఈ మాత్రలు ఎలా వేసుకోవాలమ్మా?”

“రో... రో... రో...” అమ్మాయి మొహం కందిపోయింది. ఓనరు గోడగడియారం వంక చూశాడు. కొత్తవాడు చిల్లర లెక్కపెట్టుకుంటున్నట్టు నటించాడు.

వరస చివరినుంచి చప్పట్లు వినిపించాయి. “ఐ వాక్!”

అలవాటైన గొంతులు, ఆగుతాయా? “ఐ వాక్డ్! ఐ హావ్ వాక్డ్! ఐ విల్ వాక్!” షాపు అద్దాలు అదిరాయి. ఆ గొంతుల్లో అమ్మాయి గొంతూ కలిసింది. ఎక్కడా ఆగలేదు. అదే ఊపులో, అదే తాళంలో “రోజుకు రెండు! తిన్న తరవాత! నీళ్ళు ఎక్కువ తాగండి!” అనేసింది.

కొత్తవాడు బిత్తరపోయి “నేనూ అనాలా?” అని అడిగాడు.

“ఇది మందుల షాపా, భజన మండలా?” అని ఓనరు అరిచాడు గానీ, మూడో మనిషి వచ్చేసరికి చప్పట్లు లేకుండానే, వేలితో కౌంటరు మీద తాళం వేసుకుంటూ అమ్మాయి జవాబులు చెబుతోంది. మధ్యమధ్య ఆగింది. ఆగినచోట తాళం వేసుకుని మళ్ళీ సాగింది. మధ్యాహ్నానికి ఓనరు ఆమె కోసం కౌంటరు వెనక ఎత్తు కుర్చీ వేయించాడు.

ఇంటికెళ్ళే దారిలో పిన్ని బాబాయిని నిలదీసింది. “అయితే ఇన్నాళ్ళూ ఇంగ్లీషు కాదన్నమాట!”

“పదిమందితో కలిసి అంటే ఆ పిల్లకి మాట ఆగట్లేదే. తను వచ్చిన మొదటిరోజే విన్నాను. కొత్త క్రియ ఎత్తుకుంటే మీరంతా తడబడతారు. మీరు తడబడితే ఆ పిల్ల ఒంటరిదైపోతుంది.”

“ఈ ముక్క నాకు చెబితే ఏం పోయేది?”

“నీకు చెబితే వీధికి అట్టముక్క కట్టినట్టే కదా!”

ఆ సాయంత్రం క్లాసుకు అమ్మాయి వచ్చి, చాప మీద కూర్చోకుండా ముందుకెళ్ళి నిలబడింది. వేలితో గోడ మీద తాళం వేసింది. “ఐ టాక్. ఐ టాక్డ్. ఐ హావ్ టాక్డ్. ఐ వి... ఐ విల్ టాక్.”

గదంతా చప్పట్లు. బాబాయి మాత్రం వేళ్ళు మడిచి లెక్కపెట్టుకున్నాడు.

“అమ్మాయ్, ఇదంతా అచ్చం మన వాక్ లాగే నడుస్తోందే!”

“చా... చాలా క్రియలు ఇలాగే నడుస్తాయి బాబాయ్.”

“అంటే... అవన్నీ నాకు వచ్చేసినట్టేనా?”

పిన్ని వంటింట్లోంచి ఖాళీ సంచీ పట్టుకొచ్చి ఆయన చేతిలో పెట్టింది.

“వచ్చేశాయి. ఇక వెళ్ళి టీపొడి పట్రండి.”