కీరన్ పొట్టి అడుగు

కీరన్ డక్స్‌బరీ మా హోమ్‌షా టౌన్ ఫుట్‌బాల్ క్లబ్బుకి వచ్చేనాటికి ఇరవై ఏడేళ్ళవాడు. సొంత క్లబ్బు రాత్‌మియర్ సిటీ. పదహారో ఏటి నుంచి వాళ్ళ మనిషే, కాని వాళ్ళ తరఫున ఆడింది నాలుగు మ్యాచ్‌లు. మిగతా కాలమంతా లోన్ మీద ఊరూరా తిరిగాడు. ఏటా ఏదో ఒక చిన్న క్లబ్బుకి ఎడమ అంచున పరిగెత్తే వింగర్ కావాల్సివచ్చేది. రాత్‌మియర్ వాళ్ళు ఇతన్ని అరువిచ్చి, సీజన్ అయ్యాక వెనక్కి తీసుకునేవాళ్ళు. మాది ఏడో ఊరు.

నేను అక్కడ కిట్లు చూసేవాణ్ణి. చొక్కాలు ఉతకడం, ఎవరి కొక్కెం కింద వాళ్ళ సామాను సర్దడం నా పని. సొంత ఆటగాళ్ళ కొక్కేల మీద ఇత్తడి పేరుపలకలుండేవి. లోన్ మీద వచ్చినవాళ్ళకు మాత్రం తెల్ల టేపు మీద పేరు రాసి అంటించేవాణ్ణి.

కీరన్ మొదటిరోజు దాన్ని వేలితో తడిమి, "అంచులు గట్టిగా నొక్కు వాల్ట్. పోయిన ఊళ్ళో నవంబరుకే ఊడిపోయింది" అన్నాడు.

పని తెలిసినవాడు. బూట్లు తనే తుడుచుకునేవాడు. ప్రాక్టీసయ్యాక అందరూ స్నానాలకు పోతే, గోల్ ముందు ఒక చెత్తడబ్బా పెట్టి, ఎడమ గీత దగ్గర్నుంచి అందులో పడేలా క్రాస్‌లు, అంటే గోల్ ముందుకి గాల్లో పంపే బంతులు, కొట్టేవాడు. పదికి ఆరు పడేవి. దానికొక కిటుకుంది. పరుగులో ఉండగానే కుడికాలి అడుగు ఒకటి పొట్టిగా వేసి, డిఫెండర్ కుదురుకునేలోపే బంతిని లోపలికి తిప్పేసేవాడు. అంత శుభ్రమైన క్రాస్ నేను ఇంకొకడి దగ్గరే చూశాను. కీరన్‌కి నిద్రపట్టనివ్వనివాడు ఆ ఇంకొకడే.

అతను డారెల్ కోప్. రాత్‌మియర్‌లో పదకొండో నంబరు చొక్కా అతనిది. కీరన్ కంటే మూడేళ్ళు చిన్న. ఆదివారం మధ్యాహ్నాలు క్యాంటీన్ టీవీలో మ్యాచ్ వస్తుంటే కీరన్ ముందు ప్లేట్లో మాంసం కూరిన రొట్టె, బఠాణీలు చల్లారిపోయేవి. కోప్ కొట్టిన బంతి బయటికి పోతే ఒక ముద్ద తినేవాడు. గోలయితే ప్లేటు పక్కకు తోసేసేవాడు.

"ఆ క్రాస్ నాది" అన్నాడొకరోజు. "వాడికి పద్దెనిమిదేళ్ళప్పుడు నేనే నేర్పాను. ఇంకొక్కసారి చూపించవా అంటూ రెండు నెలలు నా వెంటపడ్డాడు. మరుసటి ఏడు నా కొక్కెం వాడికిచ్చి నన్ను లోన్ మీద సముద్రం ఒడ్డున ఏదో ఊళ్ళో పడేశారు."

"అయితే సగం గోల్ నీదే. ఏడవకుండా తిను" అన్నాడు మా కుడి డిఫెండర్ గ్యారీ స్టబ్స్.

"నువ్వూరుకో తాతా. ముప్ఫై మూడేళ్ళొచ్చాయి, నిన్ను చూసి కుళ్ళుకునేవాడు ఒక్కడూ లేడు."

నవ్వాం. కాని రాత్‌మియర్‌తో కీరన్ ఒప్పందం జూన్‌కి అయిపోతుందని అందరికీ తెలుసు. కోప్ ఆ చోట ఉన్నంతకాలం రాత్‌మియర్ ఇతన్ని పిలవదు. జూన్‌లోపు పిలవకపోతే ఇక ఎప్పటికీ పిలవదు.

డిసెంబరులో కప్పు పోటీకి ఎవరితో ఎవరు ఆడాలో చీట్లు తీస్తే, మాకు మా మైదానంలోనే రాత్‌మియర్ పడింది. క్యాంటీన్‌లో బల్లలెక్కి గంతులేశారు. కీరన్ ఒక్కడే కదల్లేదు. లోన్ మీదున్నవాడు సొంత క్లబ్బు మీద ఆడకూడదు.

మ్యాచ్‌కి రెండు రోజుల ముందు మేనేజర్ మాకిన్ నా గదికి వచ్చాడు. కీరన్ అక్కడ బూట్లు తుడుచుకుంటున్నాడు.

"కోప్‌ని ఎలా ఆపాలో నీకు తెలిసే ఉంటుంది. అది నీ క్లబ్బు, చెప్పకపోయినా తప్పుపట్టను" అన్నాడు మాకిన్.

కీరన్ ఒక బూటు పూర్తిచేశాడు. రెండోది చేతిలోకి తీసుకుని, "గ్యారీని పిలవండి బాస్" అన్నాడు.

స్టబ్స్ వచ్చాడు. కీరన్ లేచి అక్కడే నేల మీద చూపించాడు. "వాడి మొహం చూడకు, బంతినీ చూడకు. కుడికాలు చూడు. పొట్టి అడుగు పడగానే కాలు అడ్డం పెట్టు. బంతి నీ పిక్కకే తగుల్తుంది."

వాళ్ళు వెళ్ళాక, "అది నీ అడుగు కూడా కదయ్యా" అన్నాను.

"నన్నెవడు చూస్తున్నాడు వాల్ట్? టీవీలో కనపడేది వాడు."

మ్యాచ్ రోజున బంతి స్టబ్స్ పిక్కకు ఆరుసార్లు తగిలింది. నాలుగోసారి కోప్ ఆగి, తలెత్తి స్టాండ్లోకి చూశాడు. ఎవరికోసం వెతుకుతున్నాడో నాకు తెలుసు. కీరన్ కోటు జిప్పు మెడదాకా లాక్కుని తల దించుకున్నాడు. అరవయ్యో నిమిషంలో కోప్‌ని తీసేశారు. మేం ఒక గోల్‌తో గెలిచాం.

ఆ మ్యాచ్ దేశమంతా టీవీలో చూసింది. వారం తిరగకుండా ఇంకో క్లబ్బు డిఫెండర్ కూడా కోప్‌ని అలాగే ఆపాడు. రాత్‌మియర్ కోప్‌ని పక్కనపెట్టి కీరన్‌ని పిలిపించుకుంది. వెళ్ళే రోజు టేపు తనే పీకి, ఉండచుట్టి నా బుట్టలో వేశాడు.

ఈసారి క్యాంటీన్ టీవీలో మేం చూసింది కీరన్‌ని. మొదటి క్రాస్‌కి పొట్టి అడుగు పడింది. ఎదుటివాడు దానికోసమే కాచుకుని ఉన్నాడు. రెండోదీ అంతే. తర్వాతి మ్యాచ్‌లోనూ అంతే.

"ఒట్టు, నేనెవరికీ చెప్పలేదు" అన్నాడు స్టబ్స్, మేమేమీ అడక్కుండానే.

జనవరి ఆఖరిరోజున రాత్‌మియర్ మళ్ళీ అరువిస్తే, కీరన్ అదే సంచితో మా దగ్గరికి తిరిగొచ్చాడు. నేను కొత్త టేపు రాసి, అంచులు గట్టిగా నొక్కాను.

మార్చిలో కోప్ మళ్ళీ జట్టులోకి వచ్చాడు. ఆ ఆదివారం మేం క్యాంటీన్‌లో చూస్తుండగా ఎడమ గీత పట్టుకుని దూసుకొచ్చాడు. పొట్టి అడుగు పడింది. డిఫెండర్ కాలు అడ్డం పెట్టాడు. కోప్ బంతిని కొట్టలేదు. మడమతో వెనక్కి లాగి, ఆ కాలు పక్కనుంచి జారిపోయి, అప్పుడు కొట్టాడు. గోల్.

"ఎవడు నేర్పాడు వాడికి?" అన్నాడు కీరన్.

"ఎవడూ నేర్పుండడు. కూర్చుని ఆలోచించుకునుంటాడు" అన్నాడు స్టబ్స్. ఈసారి ఎగతాళి చెయ్యలేదు.

"నా అడుగు అది. నాకు తట్టొద్దూ?" అని కీరన్ ప్లేటు తోసేసి లేచాడు. ఇంటికి పోతాడనుకున్నాను. నా దగ్గరికొచ్చి బంతుల సంచి తీసుకున్నాడు.

"చెత్తడబ్బా ఎక్కడ పెట్టావు వాల్ట్?"

"క్యాంటీన్ వెనక. నిండుగా ఉంది."

"ఖాళీ చేసి తీసుకురా."

డబ్బా దొర్లించుకుంటూ వెళ్ళేసరికి వానలో ఒక్కడే గీత దగ్గరున్నాడు. పొట్టి అడుగు వేసి, మడమతో బంతి లాగాడు. బంతి జారి గీత దాటింది. కోప్‌ని ఒక బూతు తిట్టి, ఇంకో బంతి పెట్టుకున్నాడు.