డాక్టరుగారి ‘మనం’

ఏలూరులో పళ్ళ డాక్టరు హేమంత్‌కుమార్ గారికి ‘మేము’ అనడం రాదు. ఆయన నోట ఎప్పుడూ ‘మనమే’. “మనం నోరు తెరుద్దామండీ” అంటారు, తెరవాల్సింది మీరు. “మనం ఈ పన్ను తీసేద్దామండీ” అంటారు, ఊడేది మీది. ఆ మెత్తటి మాటకి పడి ఎంతోమంది నవ్వుతూ వెళ్ళి ఏడుస్తూ వచ్చారు. కొల్లేటి కొండబాబు కూడా ఆ కుర్చీలోనే దవడపన్ను పోగొట్టుకున్నాడు. ఆ రోజే బుద్ధి వచ్చుంటే ఈ కథే లేదు.

కొండబాబుది మండవల్లి దాటాక కొల్లేటి గట్టు మీద చిన్న ఊరు. నాగేశ్వరరావు గారి చేపల చెరువుకి కాపలా ఉండేవాడు. సొంతానికి ఒక తాటిదోనె ఉండేది. డాక్టరుగారికి పిట్టల ఫొటోల పిచ్చి కాబట్టి, ఆదివారాలు ఆయన్ని దోనెలో కూర్చోబెట్టుకుని తొమ్మిదేళ్ళు తిప్పాడు. గూడబాతు ఎప్పుడు లేస్తుందో, ఎటు లేస్తుందో దాని మెడ చూసి చెప్పేవాడు. దోనె అంచు మీద కెమెరా కదలకుండా గోనెసంచిలో ఊక కూరి పెట్టింది కూడా అతనే. ఆ సంచి మీద తీసిన ఫొటోలకి డాక్టరుగారికి ఎన్ని బహుమతులు వచ్చాయో! కొండబాబుకి మాత్రం ఏటా ఒక కేలండరు వచ్చేది.

సంక్రాంతి వెళ్ళిన నెలకి, నీళ్ళ మీద ఉండగా, కెమెరాలోంచి కన్ను తీయకుండానే అన్నారు డాక్టరుగారు: “వచ్చే ఆగస్టులో మనం ఆఫ్రికా వెళ్తున్నామండీ కొండబాబు గారూ. సింహాలు తీద్దాం.”

కొండబాబు చేతిలో దోనె తోసే గెడ ఆగిపోయింది. “మనమాండీ?”

“మనమేనండీ. కొంచెం ఎడమకి తిప్పండి.”

ఇంటికొచ్చి చెప్తే భార్య కనకరత్నం చేపలు తోముతూ తలెత్తింది. “ఏవయ్యా, మనం అంటే ఎవరెవరో అడిగేవా?”

“పెద్దమనిషిని పట్టుకుని అలా ఎలా అడుగుతామే? బాగుంటదా?”

అదీ సంగతి. మా వైపు మనుషులకి ప్రాణం పోయినా పర్లేదు, ఎదుటివాడికి మొహమాటం కలగకూడదు. అడిగుంటే ఒక్క మాటతో పోయేది.

ఏలూరు వెళ్ళి పాస్‌పోర్టుకి పెట్టుకున్నాడు. విచారణకి కానిస్టేబులు ఊళ్ళోకి రావడంతో చిన్నా పెద్దా అందరికీ తెలిసిపోయింది. ‘ఆఫ్రికా కొండబాబు’ అని పేరు పెట్టారు. నాగేశ్వరరావు గారు “వెళ్ళేవాడివి వెళ్ళిరా. నువ్వొచ్చేదాకా చేపలు ఆగవు కదా” అని కాపలాకి కొండబాబు బావమరిది భానుని పెట్టేశారు. చెరువులో తిరగడానికి దోనె కూడా కావాలన్నాడు భాను. తీసుకోమన్నాడు కొండబాబు. సింహాల దగ్గరికి వెళ్ళేవాడికి దోనెతో ఏం పని!

పాస్‌పోర్టు రాగానే పట్టుకెళ్ళి డాక్టరుగారికి చూపించాడు. ఆయన పేజీ పేజీ తిప్పారు. పక్కనే ఉన్న భార్య ఇందుజ గారి వంక ఒకసారి చూశారు. “ఫొటో బాగా వచ్చిందండీ” అని తిరిగి చేతిలో పెట్టారు. తర్వాత, “సోమవారం నుంచి మనం సర్దుకోవాలండీ, బోలెడు పనుంది” అన్నారు.

రెండు వారాలు రోజూ ఏలూరు వెళ్ళాడు కొండబాబు. లెన్సులన్నీ మెత్తటి పంచె ముక్కలతో తుడిచాడు. ఒక్కోదాన్నీ పసిపిల్లని చుట్టినట్టు చుట్టి పెట్టెలో అమర్చాడు. “నీలం, నలుపు వద్దండీ, అక్కడ ఈగలు వాలి కుడతాయి. మనం మట్టిరంగే వేసుకోవాలి” అన్నారు డాక్టరుగారు. కొండబాబు మండవల్లిలో రెండు జతల ఖాకీ బట్టలు కుట్టించుకున్నాడు. “ఆర్టీసీలో ఉద్యోగం వచ్చిందా?” అని అడిగాడు దర్జీ. కనకరత్నం కొత్త గోనెతో ఊకసంచి కుట్టి, ఎవరిదో తెలియాలని మూల మీద ఎర్రదారంతో ‘కొండ’ అని అల్లింది. దారిలో నోటికి రుచి లేకపోతే ఉంటుందని ఎండురొయ్యల పొడి కట్టింది.

ప్రయాణం రోజు పొద్దున్నే ఖాకీ బట్టలేసుకుని, బట్టల సంచి భుజాన వేసుకుని, ఊకసంచి చంకలో పెట్టుకుని డాక్టరుగారి ఇంటికి వెళ్ళాడు. ఆఫ్రికాలో ఎక్కాల్సింది చిన్న విమానమట, మనిషికి పదిహేను కేజీలకి మించకూడదట. కొండబాబు చేపలు తూచే స్ప్రింగు కాటా తెచ్చాడు. వాకిట్లో కొక్కేనికి తగిలించి ఒక్కో బ్యాగూ తూచారు.

“మనం రెండు కేజీలు ఎక్కువున్నామండీ” అని తల పట్టుకున్నారు డాక్టరుగారు.

“దానికేవుందండీ. నాది నాలుగు కేజీలే. ఆ రెండూ నా సంచిలో పడేయండి.”

“ఏ సంచండీ?” అన్నారు డాక్టరుగారు.

కొండబాబు సంచి ఎత్తి చూపించాడు. చెయ్యి అలాగే ఉండిపోయింది.

“నేను అప్పుడే చెప్పమన్నానండీ, ఆయన పాస్‌పోర్టు తెచ్చినప్పుడే” అన్నారు ఇందుజ గారు భర్తతో.

“సర్దడం అయ్యాక చెబుదామనుకున్నాను” అని ఆయన ఆవిడకే జవాబిచ్చి, కొండబాబు వైపు తిరిగి ఎంతో మెత్తగా అన్నారు: “టిక్కెట్లు ఇద్దరికేనండీ. మనం ఏమీ అనుకోకూడదు.”

కొండబాబుకి చచ్చేంత సిగ్గు వేసింది. తిట్టాలనిపించింది, కాని నోట్లోంచి వచ్చింది “పర్లేదండీ” ఒక్కటే. చీ, ఆ మాట వాడి నాలుక మీద ఎవడు రాశాడో!

“ఆ ఊకసంచి మాత్రం ఇచ్చెళ్ళండి. ఊక తీసెయ్యండి, బరువు. అక్కడ బియ్యం పోసుకుంటాం” అన్నారు డాక్టరుగారు.

కుట్టు విప్పి దులపబోతే, “వాకిట్లో వద్దండీ, రోడ్డు మీద” అన్నారు ఇందుజ గారు. రోడ్డు మీదే దులిపాడు. గాలికి సగం ఊక వాడి కొత్త చొక్కా మీదే పడింది. ఖాళీ సంచి మడిచి డాక్టరుగారి బ్యాగులో తన చేత్తోనే సర్దాడు. బ్యాగులన్నీ కారులోకి ఎత్తాడు. కారు మలుపు తిరిగేదాకా చెయ్యి ఊపాడు.

కైకలూరు బస్సులో నిలబడ్డవాణ్ణి చూసి ఒక ముసలావిడ చిల్లర చాపింది. “మండవల్లి ఒకటివ్వండి బాబూ.” కొండబాబు చూపు కిటికీ వైపు తిప్పుకున్నాడు. అప్పుడొచ్చింది ఏడుపు.

కనకరత్నం ఏమీ అడగలేదు, అన్నం పెట్టింది. ఊరు మాత్రం ఊరుకుంటుందా? “సింహం కులాసానా?” అని కనపడ్డప్పుడల్లా అడిగారు. భాను కాపలా వదల్లేదు. “నాదేవుంది బావా, నాగేశ్వరరావు గారిని అడుగు” అన్నాడు. దోనె మాట కొండబాబు ఎత్తలేదు, భానూ ఎత్తలేదు. మేత బస్తాలు మోసే కూలికి కుదిరాడు కొండబాబు, అదే చెరువు మీద.

నవంబరులో డాక్టరుగారి ఫోను వచ్చింది. “మన సింహానికి మొదటి బహుమతి వచ్చిందండీ కొండబాబు గారూ. ఆదివారం మనం పిట్టల దగ్గరికి వెళ్దాం. మనం ముగ్గురం.”

కొండబాబు ఈసారి అడిగాడు. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, మొహమాటం మింగేసి అడిగాడు. “ముగ్గురంటే నాతో కలిపాండీ, నేను కాకాండీ?”

డాక్టరుగారు హాయిగా నవ్వారు. “అయ్యో, మిమ్మల్ని లెక్కలో ఎందుకేస్తామండీ?”

కొండబాబు ఫోను జేబులో పెట్టుకుని, ఆదివారానికి దోనె ఇమ్మని అడగడానికి భాను ఇంటికి వెళ్ళాడు.