బంగారు రంగు పూసిన ఆకులు

అబిడ్స్‌లో ఓ పళ్ల డాక్టరు దగ్గర నేను రిసెప్షన్‌లో కూర్చుంటాను. క్లినిక్ తెరిచిన రోజున ఆయన చుట్టాలెవరో ఒక పెద్ద కుండీ మొక్క పంపారు. మనిషెత్తు ఉంది, అరటాకుల్లాంటి ఆకులు. బర్డ్ ఆఫ్ ప్యారడైజ్ అన్నారు. కట్టిన రిబ్బనైనా విప్పకుండానే డాక్టరుగారు దాన్ని మరిచిపోయారు. చెప్పులు విడిచే మూలలో, చీకట్లో పడి ఉండేది. పేషెంట్ల వెంట వచ్చినవాళ్లు తాగగా మిగిలిన చాయ్ అందులో ఒంపేవారు.

చూస్తూ ఊరుకోలేకపోయాను. క్లినిక్ ఊడ్చే ఆయమ్మా నేనూ కుండీని రోడ్డువైపు కిటికీ దగ్గరికి జరిపాం. అక్కడ పొద్దుటి ఎండ బాగా పడుతుంది. మట్టిలో వేలు గుచ్చి చూసి, పైన పొడిగా ఉంటేనే నీళ్లు పోసేదాన్ని. ఒక్కో ఆకు కింద అరచెయ్యి పెట్టి తడిగుడ్డతో తుడిచేదాన్ని. ఏసీ గాలికి అంచులు మాడుతుంటే గాలి అటు రాకుండా అట్ట అడ్డం పెట్టాను. వేర్లు కుండీ అడుగునుంచి బయటికొచ్చినప్పుడు, ఆదివారం పూట వచ్చి మరీ పెద్ద కుండీలోకి మార్చాను. ఇంటికి పోతే పలకరించే మనిషి లేదు నాకు. ఆ పని నాకు బరువనిపించలేదు.

"ఉత్త ఆకులే గద, గంత సేవ ఎందుకమ్మా?" అని డాక్టరుగారు నవ్వేవారు.

కొన్నేళ్లకు, ఒక చలికాలంలో, ఆకుల మధ్య కొంగ ముక్కులాంటి మొగ్గ కనిపించింది. అది విచ్చుకుని నారింజరంగు రేకులు లేచాయి, మధ్యలో నీలం. వెనకే ఇంకో రెండు మొగ్గలు. నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. డాక్టరుగారు పువ్వు పక్కన నిలబడి ఫోటోలు దిగారు.

"ఓపిక ఉండాలె. ఎన్నేండ్ల సంది పెంచితే పూసింది మరి!" అని పేషెంట్లతో చెప్పుకున్నారు. నేను టోకెన్లు ఇస్తూ విన్నాను.

ఆ వారంలోనే ఆయన భార్య వచ్చింది. నాంపల్లి ఫంక్షన్ హాల్లో వాళ్లమ్మాయి నిశ్చితార్థం.

"ఈ చెట్టు స్టేజీ పక్కన పెడితే మస్తుంటది. అయిపోంగనే పంపిస్తం," అంది.

"పడుకోబెట్టి తీసుకెళ్లకండి మేడం, కాడలు విరుగుతాయి."

"చెట్టే గదమ్మా, బాలింతనా?"

నన్నూ పిలిచారు. ఉన్నంతలో మంచి చీర కట్టుకుని వెళ్లాను. స్టేజీ పక్కన నిలబెట్టిన మొక్కను మొదట గుర్తుపట్టలేదు. ప్రతి ఆకుకూ బంగారు రంగు స్ప్రే కొట్టారు. కాడలకు సీరియల్ లైట్లు చుట్టారు. పువ్వులు కోసి అమ్మాయి చేతిలోని బొకేలో గుచ్చారు.

"ఏంటి మేడం ఇది?" అన్నాను.

"అంతా గోల్డ్ కలర్‌ల పెట్టినం గద, పచ్చది సూటు కాలె. నువ్వు తిన్నవా? తినే పో."

తినలేదు. ఆటో కూడా ఎక్కకుండా మొజంజాహీ మార్కెట్ మీదుగా నడుచుకుంటూ ఇంటికి వెళ్లిపోయాను.

మొక్క తిరిగొచ్చాక కొబ్బరినూనె రాసి రంగు తీయబోయాను. రంగుతోపాటు ఆకు పొర కూడా ఊడొచ్చింది. ఒక్కొక్కటే మాడిపోతుంటే నేనే కోసేశాను. చివరికి మోడు మిగిలింది.

"పారెయ్యమ్మా ఇగ," అన్నారు డాక్టరుగారు. "ప్లాస్టిక్‌ది ఆర్డర్ పెట్టిన. నీళ్లు పొయ్యాల్నన్న ఫికర్ లేదు."

మోడును చాదర్‌ఘాట్‌లోని నా గదికి తెచ్చుకున్నాను. అక్కడ ఉన్న ఒక్క కిటికీకీ ఎదురుగా పక్కింటి గోడ. తెల్లగా పాలిపోయిన చిగురొకటి వచ్చింది. రోజూ లేవగానే దాన్నే చూసేదాన్ని. అది ఆకుగా విప్పుకోకుండానే కుళ్లింది. వానాకాలంలో దుంప లాగితే మెత్తగా చేతికొచ్చింది, వాసన. చెత్తబండిలో వేశాను.

క్లినిక్‌లో మొక్క ఏమైందని ఎవరూ అడగలేదు. కిటికీ దగ్గర ఇప్పుడు ప్లాస్టిక్ చెట్టు ఉంది. నా కుర్చీ దానికి వీపు తిప్పి వేసుకున్నాను.